ఎత్తు కంటే ముందు వెడల్పు: విజయనగరం పాతపట్నంలో హైరైజ్ వాదన

విజయనగరం ఘంటాస్తంభం ఎత్తు 68 అడుగులు. 1885లో కట్టిన ఈ ఎనిమిది పలకల గడియారపు స్తంభం ఇప్పటికీ ఊరి పాత భాగానికి, అంటే పాతపట్నానికి గుర్తు. ఏటా విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గరి పైడితల్లి అమ్మవారి గుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరిగే సిరిమాను, అంటే కొసన పూజారి కూర్చునే చెట్టు మాను, పొడవు సుమారు 60 అడుగులు. 2017 నాటి రాష్ట్ర భవన నిర్మాణ నియమాల్లో ఒక కట్టడాన్ని హైరైజ్‌గా, అంటే ఎత్తైన భవనంగా లెక్కించే గీత 18 మీటర్ల దగ్గర ఉంది. అడుగుల్లో చెబితే 59. ఊరి గడియారం, ఊరి పండగ, ప్రభుత్వ నిబంధన మూడూ దాదాపు ఒకే కొలత దగ్గర కలుస్తున్నాయి. ఈ ఊళ్లో బహుళ అంతస్తుల గురించి మాట్లాడేవాళ్లు ముందు ఈ మూడు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ గీత దాటిన ఏ కట్టడమైనా కోట, ఘంటాస్తంభం, మూడు లాంతర్ల మధ్య లేస్తే అది ఊరి రూపురేఖనే మార్చేస్తుంది.

పాతపట్నంలో హైరైజ్‌లు రానివ్వాలా వద్దా అన్న వాదన కొత్తదేమీ కాదు. ఒక పక్క, పాత పెంకుటిళ్లు కూలడానికి సిద్ధంగా ఉన్నాయి, వాటి స్థానంలో లిఫ్టు, పార్కింగు ఉన్న పెద్ద అపార్ట్‌మెంట్లు వస్తే తప్పేమిటనే మాట. భోగాపురం విమానాశ్రయం పనులతో చుట్టుపక్కల భూముల ధరలు పెరిగాయి, రింగు రోడ్డు అవతల పొలాలన్నీ లేఅవుట్లు అవుతున్నాయి, పంట భూమి మింగే బదులు ఊరి మధ్యనే పైకి కట్టుకోవచ్చు కదా అన్నది ఈ పక్షానికి ఉన్న బలమైన పాయింటు. రెండో పక్క, మూడువందల ఏళ్ల ఊరిని గాజు అద్దాల కాంప్లెక్సులకు అప్పగిస్తే మిగిలేది పేరొక్కటేనన్న బాధ. రెండు వైపులా నిజం ఉంది. రెండు వైపులా జరుగుతున్న పొరపాటు ఒకటే. ఎన్ని అంతస్తులు అన్న ప్రశ్న దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. అంతస్తుల సంఖ్య చివర్లో తేలే విషయం. వీధి ఎంత వెడల్పు ఉండాలి, ఎన్ని ఇళ్ల స్థలాలు కలిపి ఒకటి చేయవచ్చు అన్న రెండు నిర్ణయాలు అంతకు చాలా ముందే జరిగిపోతాయి. ఊరి భవిష్యత్తు నిజానికి అక్కడే తేలిపోతుంది.

పాతపట్నం ఎలా పుట్టిందో చూస్తే ఇది అర్థమవుతుంది. పూసపాటి రాజులు 1713లో కోటకు పునాది వేశారు. ఒక్కో వైపు సుమారు 240 మీటర్లున్న చతురస్రం, 10 మీటర్ల ఎత్తు గోడలు, చుట్టూ అగడ్త. కోట ముందు నుంచి ఘంటాస్తంభం వైపు, అక్కడి నుంచి మూడు లాంతర్ల వైపు బజారు సాగింది. ఉల్లివీధి, కన్యకాపరమేశ్వరి కోవెల చుట్టుపక్కల వ్యాపారుల ఇళ్లు వచ్చాయి. పడమర పెద్దచెరువు, కాస్త ఎడంగా అయ్యకోనేరు. బండ్లు, పల్లకీలు, మనుషులు తిరగడానికి సరిపోయేలా వేసిన వీధులు ఇవి. ఇవాళ అవే వీధుల్లో బంగారం షాపులు, బట్టల కొట్లు, ఇత్తడి సామాన్ల దుకాణాలు, హోల్‌సేల్ కిరాణా, ఆటోలు, బైకులు, తోపుడు బళ్లు. పెళ్లి సామాను కొనాలంటే చుట్టుపక్కల మండలాల నుంచి జనం ఇక్కడికే వస్తారు. ఈ రద్దీని జబ్బుగా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు. నిజానికి ఆ కొట్ల బతుకంతా ఆ రద్దీ మీదే.

ఆ వీధుల్లో ఒక ఇంటిని దగ్గరగా చూడాలి. వీధి వైపు వెడల్పు పాతిక, ముప్ఫై అడుగులే. లోపలికి మాత్రం నూట ఇరవై, నూట యాభై అడుగులు పోతుంది. ముందు అరుగు, అరుగు మీదో దాని పక్కనో కొట్టు. కొట్టు వెనక నడవ, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, వాకిలి చుట్టూ వసారా, దాటితే వంటిల్లు, ఆ వెనక పెరడు, పెరట్లో నుయ్యి. ఎడాపెడా గోడలు పక్కింటివాళ్లతో ఉమ్మడి. అందుకే పక్క కిటికీలు ఉండవు. గాలీ వెలుతురూ వాకిట్లోంచే రావాలి. వైశాఖ మాసంలో కూడా మధ్య గది చల్లగా ఉండటానికి కారణం సున్నపు గోడల మందం, పైన పెంకు, మధ్యలో ఆ వాకిలి. ఇల్లూ వ్యాపారమూ ఒకే కప్పు కింద ఉండటం వల్ల కొట్టు మూశాక కూడా వీధిలో మనుషులుంటారు. రాత్రి పదింటికి కూడా ఆడపిల్లలు ధైర్యంగా నడిచి రాగలిగిన వీధులు ఇవి కావడానికి కారణం ఇదే.

ఇంత బాగున్న ఇంటిని ఎందుకు వదిలేస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పకుండా వారసత్వం గురించి ఎంత మాట్లాడినా వినేవాళ్లు ఉండరు. పెంకు ఏటా నేయించాలి, నేసేవాళ్లు దొరకరు. దూలాలకు చెద పట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను పెంకులు లేపుకుపోయాక చాలా ఇళ్ల మీద రేకులు వచ్చాయి, అవే ఉండిపోయాయి. ఇంట్లో ఉంటున్నది డెబ్బై దాటిన పెద్దవాళ్లు ఒక్కరో ఇద్దరో. పిల్లలు విశాఖలోనో హైదరాబాదులోనో అమెరికాలోనో. ఇల్లు తాతగారి పేరు మీదే ఉండిపోయింది, వారసులు ఇప్పుడు ఎనిమిది మందో పది మందో. ముప్ఫై అడుగుల వెడల్పు ఇంటిని ఎనిమిది వాటాలు ఎలా వేస్తారు? అరుగు ఒకరికి, వాకిలి ఒకరికి, నుయ్యి ఒకరికి ఇవ్వగలరా? ఇల్లు పంచలేరు. ఫ్లాట్లు పంచుకోవచ్చు. పక్క రెండిళ్లతో కలిపి స్థలాన్ని బిల్డరుకు డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తే, తలా ఒక ఫ్లాటు, ఎవరి రిజిస్ట్రేషన్ వారిది. ఇరవై ఏళ్లుగా నలుగుతున్న అన్నదమ్ముల తగాదా ఒక్క అగ్రిమెంటుతో తీరిపోతుంది. పాతపట్నంలో ఇళ్లను కూలుస్తున్న అసలు బలం ఇదే. బిల్డరు ఆశ దీని తర్వాతే. వారసుల సమస్యకు వేరే పరిష్కారం చూపించనంతవరకు ఏ నిషేధమూ కాగితం దాటి నిలబడదు.

ఇక నిబంధనల లెక్కకు వద్దాం. మన రాష్ట్రంలో ఒక స్థలంలో ఎంత ఎత్తు కట్టుకోవచ్చో మూడు విషయాలు తేలుస్తాయి: స్థలం విస్తీర్ణం, ఎదుట ఉన్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ. 2017 నాటి భవన నిర్మాణ నియమాల లెక్కన హైరైజ్ కట్టాలంటే కనీసం 12 మీటర్ల, అంటే 40 అడుగుల రోడ్డు ఉండాలి. 21 మీటర్ల ఎత్తు వరకు చుట్టూ 7 మీటర్ల ఖాళీ వదలాలి. 30 మీటర్లకు వెళ్తే రోడ్డు 18 మీటర్లు, ఖాళీ 10 మీటర్లు కావాలి. తర్వాత సవరణలు వస్తూనే ఉన్నాయి, అంకెలు అటూ ఇటూ కదులుతాయి. సూత్రం మాత్రం అదే: పైకి వెళ్లేకొద్దీ కింద ఎక్కువ జాగా వదలాలి.

ఉల్లివీధిలోనో కోట దగ్గరో ఇంత వెడల్పు రోడ్లు ఎన్ని ఉన్నాయి? ముప్ఫై అడుగుల ఇంటికి రెండు వైపులా ఏడేసి మీటర్లు వదిలితే కట్టడానికి జాగాయే మిగలదు. ఉన్న వీధిలో, ఉన్న స్థలంలో హైరైజ్ అసాధ్యం. అది రావాలంటే ముందు వీధిని చీల్చాలి, ఆ తర్వాత పదిళ్లు కలపాలి.

కలిపారనుకుందాం. అర ఎకరం స్థలం, సుమారు 2,000 చదరపు మీటర్లు, 50 మీటర్ల పొడవు, 40 మీటర్ల వెడల్పు. 21 మీటర్ల కట్టడానికి చుట్టూ ఏడేసి మీటర్లు తీసేస్తే 36 మీటర్లు ఇంటూ 26 మీటర్లు మిగులుతుంది. ఒక్కో అంతస్తుకు 936 చదరపు మీటర్లు. ఏడంతస్తులకు సుమారు 6,550. ఇంకా ఆశపడి 30 మీటర్ల ఎత్తుకు వెళ్లారనుకోండి. చుట్టూ పదేసి మీటర్లు పోగా మిగిలేది 30 ఇంటూ 20, అంటే 600. పదంతస్తులకు 6,000 చదరపు మీటర్లు. మూడంతస్తులు ఎక్కువ కట్టినా దొరికిన జాగా తగ్గింది! ఇప్పుడు అదే అర ఎకరంలో పాతపట్నం పద్ధతిలో, గోడ గోడ ఆనుకుని, వెనక పెరళ్లు, మధ్యలో వాకిళ్లు వదిలి, 65 శాతం జాగాలో నాలుగంతస్తులు కట్టారనుకుందాం. 5,200 చదరపు మీటర్లు వస్తుంది. ఇలా ఆనుకుని కట్టడానికి ఇప్పటి నిబంధనలు అన్నిచోట్లా ఒప్పుకోవు. ఆ మాట మళ్లీ చూద్దాం. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఏడంతస్తులకూ నాలుగంతస్తులకూ మధ్య దొరికే లాభం మనం ఊహించుకున్నంత లేదు. ఎత్తు నిజంగా గిట్టుబాటు కావాలంటే స్థలం అర ఎకరం చాలదు, రెండు మూడెకరాలు కావాలి. అంటే పదిళ్లు కాదు, వీధికి వీధే కలపాలి.

రోడ్డు వెడల్పు కథ ఇంకా లోతైనది. మాస్టర్ ప్లాన్‌లో ఒక వీధికి భవిష్యత్తు వెడల్పు ఫలానా అని గీత గీస్తారు. విజయనగరం విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) పరిధిలో ఉంది. ఆ మ్యాపుల్లో రంగుల గీతలు చూసి తన అరుగు ఏ గీత లోపల పడిందో చెప్పగలిగిన ఇంటి యజమానులు ఊళ్లో ఎంతమంది ఉంటారు? అభ్యంతరాలు చెప్పుకోవడానికి గడువు ఇస్తారు, ఆ గడువు ఎవరికీ తెలియకుండానే అయిపోతుంది. పదేళ్ల తర్వాత విస్తరణ అంటూ గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడినప్పుడు గగ్గోలు మొదలవుతుంది. అప్పటికి నిర్ణయం పాతబడిపోయింది.

విస్తరణలో పోయేది ఎనిమిది అడుగులే కదా అనిపించవచ్చు. ఆ ఎనిమిది అడుగుల్లో ఏముందో చూడండి. అరుగు మొత్తం, కొట్టు ముందు సగం, చెక్కిన ద్వారబంధం, వీధి వైపు చెక్క స్తంభాల వరస. ఇల్లు వెనక్కి వంద అడుగులు ఉన్నా దాని ముఖం, సంపాదన రెండూ ఆ ఎనిమిది అడుగుల్లోనే ఉన్నాయి. కోసిన చోట దూలాల కొసలు బయటికి తేలతాయి, లోపలి గది నీలం సున్నం, మేకుకు వేలాడుతున్న క్యాలెండరు వీధిలోకి కనిపిస్తాయి. బరువు మోసే ముందు గోడ పోయాక మిగతా ఇల్లు ఒక్క వర్షాకాలం కూడా తట్టుకోలేకపోవచ్చు. అప్పుడు ఆ ఇంటిని శిథిలమని కూల్చేయడం, పక్కవాళ్లతో కలిపి డెవలప్‌మెంటుకి ఇవ్వడం తప్ప దారి ఉండదు. ట్రాఫిక్ కోసమని మొదలైన పని పదేళ్లలో హైరైజ్‌కు అర్హత ఉన్న 40 అడుగుల రోడ్డునూ ఖాళీ స్థలాలనూ తయారుచేసి పెడుతుంది. విస్తరణ వేరు, హైరైజ్ వేరు అనుకుంటే మోసపోతాం. మొదటిది రెండోదానికి తలుపు తీస్తుంది.

రోడ్డు వెడల్పు చేస్తే ట్రాఫిక్ తీరుతుందా? పాతపట్నంలో ఇరుకుకు ప్రధాన కారణం ఆగి ఉన్న బళ్లు. ఘంటాస్తంభం చుట్టూ సాయంత్రం పూట చూస్తే రోడ్డులో సగం బైకుల పార్కింగే. వెడల్పు చేసిన అడుగులు మళ్లీ పార్కింగుకే పోతాయి. ఆర్టీసీ కాంప్లెక్సు వైపు ఒకటి, కోట వైపు ఒకటి చొప్పున బహుళ అంతస్తుల పార్కింగ్ కట్టి, పగటి వేళల్లో సరుకు లారీలను ఆపి, ఒకటి రెండు వీధులను నడిచేవాళ్లకే వదిలితే అరుగులు కోయకుండానే ఊపిరి ఆడుతుంది. ఈ పనికి ఇంజనీరింగ్ కంటే పోలీసు, కార్పొరేషను కలిసి రోజూ పెట్టాల్సిన ఓపిక ఎక్కువ కావాలి.

సిరిమాను సంగతి విడిగా చెప్పుకోవాలి. ఆ రోజు పాలధార, బెస్తవారి వల, ఏనుగు రథం, అంజలి రథం ముందు నడుస్తాయి. వెనక మాను కొసన పూజారి కూర్చుని ఆకాశంలో ఊగుతూ వస్తారు. లక్షల జనం, చేతుల్లో అరటిపళ్లు. మేడల మీద, అరుగుల మీద, గోడల మీద మనుషులు. ఆ దారికి ఇరువైపులా ఉన్న ఒకటి రెండంతస్తుల మేడలే ఆ ఉత్సవానికి గ్యాలరీలు. అక్కడ నిలబడితే మాను కొస కంటికి పైన ఉంటుంది, తల ఎత్తి దండం పెట్టుకుంటారు. పైడితల్లి పూసపాటి ఆడపడుచు, 1757 బొబ్బిలి యుద్ధంలో అన్న మరణించాక పెద్దచెరువులో వెలిసిందని ఊరి నమ్మకం. ఆ చెరువు, ఆ గుడి, ఆ కోట, వాటి మధ్య దారి కలిపితేనే పండగ. దారికి రెండు వైపులా ఏడెనిమిది అంతస్తులు లేస్తే ఎవరో ఏసీ గది బాల్కనీలోంచి మాను కొసను కిందికి చూస్తారు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన ఎవరికైనా ఆ దృశ్యం తలుచుకుంటేనే గుండె కలుక్కుమంటుంది. ఆ భావనకు చట్టంలో విలువ లేకపోవచ్చు. ఊరి మ్యాపు గీసేవాళ్లు మాత్రం దానికి విలువ ఇవ్వాలి.

హైరైజులు రాకముందే ఊరు పోగొట్టుకున్నవి కూడా ఉన్నాయి. 1869లో కోటలో దర్బారు కోసం కట్టిన మోతీమహల్‌ను 2020లో కూల్చేశారు. శిథిలమైందన్నది చెప్పిన కారణం. అదే ఏడాది మూడు లాంతర్ల కూడలిలోని పాత దీపస్తంభాన్ని తొలగించినప్పుడు ఊరంతా గొడవ. ఈ రెండు సంఘటనల్లోనూ బిల్డరు లేడు, అపార్ట్‌మెంటు లేదు. ఉన్నదల్లా ఫలానా కట్టడాన్ని ముట్టుకోవడానికి ముందు ఫలానావారిని అడగాలి అన్న నియమం లేకపోవడం. చాలామంది కోట ఉంది కాబట్టి చుట్టూ వంద మీటర్లు కట్టకూడదనే చట్టం ఉందనుకుంటారు. కేంద్ర చట్టంలో ఉన్న ఆ 100 మీటర్ల నిషేధం, ఆపై 200 మీటర్ల నియంత్రణ జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా ప్రకటించిన కట్టడాలకే వర్తిస్తాయి. పక్కనే రామతీర్థంలోని గురుభక్తులకొండ బౌద్ధ శిథిలాలకు ఆ రక్షణ ఉంది. విజయనగరం కోట పూసపాటి కుటుంబం పెట్టిన విద్యాసంస్థ మాన్సాస్ ట్రస్టు చేతిలో ఉంది, లోపల కాలేజీలు నడుస్తున్నాయి. ఇక వీధిలోని పెంకుటిల్లుకు, సున్నపు మేడకు చట్టంలో కనీసం పేరు కూడా లేదు. జాబితా లేనిదే రక్షణ లేదు.

జాబితా పెట్టడం ఒక్కటే సరిపోదని హైదరాబాద్ అనుభవం చెబుతుంది. అక్కడ 1995లో వారసత్వ కట్టడాల జాబితా వచ్చింది. యజమానులకు ప్రతిఫలం పెద్దగా ఏమీ రాలేదు, వాళ్లలో చాలామంది దాన్ని శిక్షగానే చూశారు. 2015లో ఆ నిబంధననే ఎత్తేశారు. 2019లో ఇర్రమ్ మంజిల్ కూల్చివేతను ఆపడానికి హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. దీనికి భిన్నంగా అహ్మదాబాద్ పాతనగరంలో జాబితాలోని చెక్క ఇళ్ల యజమానులకు టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇస్తారు. అంటే తన స్థలంలో కట్టుకోకుండా వదిలేసిన అంతస్తుల హక్కును ఊరి మరోచోట కట్టుకునేవాళ్లకు అమ్ముకోవచ్చు, ఆ డబ్బుతో ఇల్లు బాగుచేసుకోవచ్చు. ఆ నగరం 2017లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

మన నియమాల్లోనూ టీడీఆర్ ఉంది. రోడ్డు విస్తరణలో స్థలం ఇచ్చినవారికి బాండ్లు ఇవ్వడం అందరికీ తెలిసిందే. ఇంటిని కూల్చడానికి పరిహారంగా ఇచ్చే బాండును ఇంటిని నిలబెట్టడానికి ఎందుకు ఇవ్వకూడదు? ఎనిమిది మంది వారసుల సమస్యకు ఇదే సమాధానం కాగలదు. ఇల్లు పంచుకోలేకపోయినా బాండు పంచుకోవచ్చు. ఇంట్లో ఉండేవాళ్లు ఉంటారు, బయట ఉన్నవాళ్లు తమ వాటా బాండు రూపంలో తీసుకుని రింగు రోడ్డు మీద కట్టేవాళ్లకు అమ్ముకుంటారు. ఎత్తైన కట్టడాలు కావలసినవాళ్లకు వెడల్పు రోడ్లున్న ఆ ప్రాంతంలో ఎత్తు దొరుకుతుంది. ఇందులో పెద్ద జాగ్రత్త ఒకటి ఉంది. తణుకులో టీడీఆర్ బాండ్ల అక్రమాలు బయటపడ్డాక ఈ పేరు వింటేనే జనానికి అనుమానం. ఏ ఇంటికి ఎంత బాండు ఇచ్చారు, ఎవరు కొన్నారు అన్నది అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టకపోతే ఈ మంచి ఆలోచన కూడా దళారుల పాలవుతుంది. బాండ్లు మరీ ఎక్కువ వదిలితే ధర పడిపోయి యజమానికి చేతికొచ్చేది ఏమీ ఉండదు కూడా.

డెవలప్‌మెంట్ అగ్రిమెంటులో సంతకం లేని మనిషి ఇంకొకరున్నారు, కొట్టు అద్దెకు నడుపుకునే వ్యాపారి. నాన్నగారి కాలం నుంచి అదే కొట్టు, అదే బోర్డు. రాతకోతలు లేవు, నెలనెలా అద్దె, ఎప్పుడో ఇచ్చిన అడ్వాన్సు. ఇల్లు బిల్డరుకు వెళ్లిన రోజున ఆయన బయటికి వెళ్లాలి. కట్టడానికి మూడేళ్లు పడుతుంది, ఈలోపు ఖాతాదారులు చెదిరిపోతారు. కొత్త కాంప్లెక్సులో షట్టరు అద్దె ఆయన భరించగలిగేది కాదు. ఆ కొట్టు ముందు బల్ల వేసుకుని పూలు, గాజులు, నిమ్మకాయలు అమ్మేవాళ్లకు 2014 వీధి వ్యాపారుల చట్టం కొంత హక్కు ఇచ్చింది, రాతకోతలు లేని అద్దె వ్యాపారికి తన హక్కు నిరూపించుకోవడమే కష్టం. పాతపట్నం వ్యాపారం నిలబడింది ఇలాంటివాళ్ల మీదే. పాత స్థలంలో కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చే ముందు అక్కడ ఉన్న కొట్లవాళ్ల పేర్లు ఫైల్లో నమోదు చేసి, కింది అంతస్తులో వాళ్లకు మొదటి అవకాశం ఇవ్వాలన్న షరతు పెట్టడం కార్పొరేషనుకు భారమైన పనేమీ కాదు.

నీళ్ల సంగతి క్లుప్తంగా. విజయనగరం తాగునీటికి చంపావతి, గోస్తనీ నదుల మీద ఆధారపడుతుంది, వేసవిలో కుళాయి వంతులవారీగా వస్తుంది. అపార్ట్‌మెంటు వస్తే బోరు వేస్తారు. పక్కనున్న పాత నూతులు ఎండిపోతాయి. వాన నీరు ఇంకే పెరళ్లు సిమెంటు అవుతాయి. పెద్దచెరువు లాంటి 10 హెక్టార్లు దాటిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు వదలాలన్న నియమం ఉంది, దాన్ని గట్టిగా అమలు చేస్తే చాలు, కొత్త నియమం అక్కర్లేదు. అగ్నిప్రమాదాల విషయంలోనూ అంతే. నివాస భవనానికి 18 మీటర్లు, వాణిజ్య భవనానికి 15 మీటర్లు దాటితే ఫైర్ ఎన్ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ అనుమతి, తప్పనిసరి. ఆ గీత కిందే ఆగిపోయే స్టిల్టు ప్లస్ ఐదు (కింద పార్కింగు, పైన ఐదంతస్తులు) కట్టడాలు ఇరుకు వీధుల్లో వరుసగా లేస్తే ఫైరింజను ఎక్కడ తిరుగుతుందన్నది హైరైజ్ కంటే పెద్ద ప్రశ్న. హైరైజ్‌ను అడ్డుకున్నామన్న సంతోషంలో దీన్ని మర్చిపోకూడదు. ఈ మధ్యరకం కట్టడాలు ఎక్కువ చర్చ లేకుండా వచ్చేస్తాయి. కోట గోడ ఎత్తు 10 మీటర్లే కాబట్టి దాని పక్కన ఇవీ దాదాపు రెండింతలు లేస్తాయి.

కాబట్టి పాతపట్నానికి ఊరంతటికీ వర్తించే నియమం సరిపోదు, దానికంటూ విడిగా నియమం కావాలి. కోట, ఘంటాస్తంభం, మూడు లాంతర్లు, పెద్దచెరువు గట్టు వరకు ఒక హద్దు గీయాలి. ఆ హద్దు లోపల ప్రస్తుత వీధి వెడల్పులనే శాశ్వతంగా ఉంచి, విస్తరణ గీతలు తీసేయాలి. వీధి వైపు రెండంతస్తులు, ఇరవై అడుగులు వెనక్కి జరిగాక నాలుగు వరకు అనుమతించవచ్చు. రెండుకు మించి స్థలాలు కలపనివ్వకూడదు. ఉమ్మడి గోడలతో, మధ్య వాకిలితో కట్టుకోవడానికి పక్క ఖాళీల నిబంధన నుంచి మినహాయింపు ఇవ్వాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు. పాత పద్ధతిలో మళ్లీ కట్టుకుందామనుకున్న యజమానికి సెట్‌బ్యాక్ (చుట్టూ వదలాల్సిన ఖాళీ) లేదని ప్లాను రాదు, అదే స్థలం బిల్డరు చేతిలో నాలుగిళ్లతో కలిస్తే ప్లాను వచ్చేస్తుంది. నియమమే కలపమని ప్రోత్సహిస్తుంటే యజమానిని తప్పుపట్టి లాభం లేదు.

ఎత్తు కావాలనేవాళ్లకు ఊళ్లో చోటు లేకపోలేదు. రింగు రోడ్డు, ఊరి బయటి వెడల్పు దారుల పక్కన పదంతస్తులు వచ్చినా ఎవరి నుయ్యీ ఎండదు, ఎవరి అరుగూ పోదు. పంట భూములను కాపాడాలన్న వాదన నిజమైనదే అయితే ముందు అక్కడ ఖాళీగా పడి ఉన్న లేఅవుట్ల ప్లాట్లలో ఇళ్లు లేవాలి. ఇళ్లు అవసరమైన చోట కాకుండా రేటు ఎక్కువ పలికే చోట కట్టాలన్న ఒత్తిడికి వారసత్వ హద్దు గీత ఒక్కటే అడ్డు.

ఈలోపు వెంటనే మార్చగలిగినది ఒకటుంది. వానాకాలం ముందు కార్పొరేషను పాత ఇళ్లకు శిథిల భవనం నోటీసులు ఇస్తుంది. ప్రాణాల సంగతి కాబట్టి నోటీసు ఇవ్వాల్సిందే. ఆ కాగితంలో కూల్చండి అన్న ఒక్క మాటే కాకుండా, ఇంజనీరు ఇల్లు చూసి ఏ గోడ, ఏ దూలం దెబ్బతిన్నదో, దాన్ని బాగుచేయడానికి ఎంతవుతుందో రాయాలి. చాలా ఇళ్లలో పాడైనది కప్పు మాత్రమే, సున్నపు గోడలు ఇంకో వందేళ్లు నిలబడగలవు. కప్పు మార్చడానికి అయ్యే ఖర్చు ఎంతో చేతిలో ఉంటే విశాఖలోనో హైదరాబాదులోనో ఉన్న వారసులు బిల్డరు ఇచ్చే లెక్క పక్కన దాన్ని పెట్టి చూసుకుంటారు. ఇప్పుడు వాళ్ల ముందు ఉన్నది బిల్డరు లెక్క ఒక్కటే.